ఆగిన బండ్లు, ఆగని పొగ

(మాస్టారి శిష్యులు, మిత్రులు కలిసి హైదరాబాద్‌లో జరిపిన సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



స్మారకోపన్యాసం అంటే మొదటి పావుగంట పోయినవారి గుణగణాలకే సరిపోవడం మన ఆనవాయితీ. మాకు చదువు చెప్పిన మాస్టారికి అది గిట్టేది కాదు. ప్రాక్టికల్స్ అయ్యాక రికార్డు పట్టుకెళ్తే ఆయన జవాబు సరిపోయిందా లేదా అని చూసేవారు కాదు. "ఏం మార్చావు? ఏం మార్చకుండా ఉంచావు?" అని అడిగేవారు. రెండోదానికి నీళ్ళు నమిలితే రికార్డు మీద సంతకం పడేది కాదు. ఈ సభలో సంతకం పడని వాళ్ళు చాలామందే ఉన్నారు.

నేనెంచుకున్న విషయానికి ఆ రెండో ప్రశ్నే పట్టుకొమ్మ. 2020 వేసవిలో కరోనా లాక్‌డౌన్‌తో దేశమంతా బండ్లు ఆగిపోయాయి, నగరాల్లో గాలి తేటపడింది. ఎంత తేటపడిందో చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏది తేటపడలేదో, ఎందుకు పడలేదో నేను చెప్పదలచుకున్నాను. ఆ వేసవి మనకు చెప్పిన అసలు పాఠం తగ్గినదానిలో కంటే తగ్గనిదానిలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

ముందు జరిగిందేమిటో గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణలో నెలాఖరు దాకా లాక్‌డౌన్ అని ప్రకటన వచ్చింది. ప్యాసింజర్ రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతటికీ తాళం పడింది. దేశీయ విమానాలు కూడా ఆగాయి. 21 రోజులన్న గడువు మూడుసార్లు సాగి మే 31 దాకా వెళ్ళింది.

రాకపోకలు ఎంత మేరకు ఆగాయో తెలుసుకోవాలంటే పెట్రోల్ బంకుల లెక్క చూస్తే చాలు. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే 2020 ఏప్రిల్‌లో దేశంలో పెట్రోల్ వాడకం 60 శాతం పడిపోయింది. డీజిల్ 55 శాతం దాకా తగ్గింది. విమాన ఇంధనం వాడకంలో పదో వంతు కూడా మిగల్లేదు. వంటగ్యాస్ మాత్రం 12 శాతం పెరిగింది. జనమంతా మూడు పూటలా ఇంట్లోనే తింటున్నారు కదా, పైగా ఉజ్వల పథకం సిలిండర్లు ప్రభుత్వం ఉచితంగా ఇస్తామంది. ఇందులో ఒక విచిత్రం చూడండి. ఏళ్ళ తరబడి చమురు కంపెనీలు, బండ్ల కంపెనీలు, కోర్టులు కుస్తీ పట్టిన బీఎస్ 6 ఇంధనం దేశమంతటా అమల్లోకి వచ్చింది సరిగ్గా 2020 ఏప్రిల్ 1న. గంధకం పది లక్షల పాళ్ళలో 50 నుంచి 10కి దిగింది. దేశ చరిత్రలోకెల్లా శుభ్రమైన పెట్రోలు బంకులోకి చేరిన రోజున పోయించుకునేవాడు లేడు.

ఫలితాలు మీకు తెలిసినవే. జలంధర్ మేడల మీది నుంచి ధౌలాధర్ మంచుకొండలు కనిపించాయి. ఢిల్లీలో లాక్‌డౌన్ ముందు రోజులతో పోలిస్తే సూక్ష్మ ధూళికణాలు సగానికి పైగా తగ్గాయి, నైట్రోజన్ డయాక్సైడ్ కూడా అంతే. వాట్సాప్‌లో వెనిస్ కాలువల్లో డాల్ఫిన్లు ఈదాయి. అవి వెనిస్‌వి కావు, సార్డీనియా రేవులో తీసిన వీడియో అని తర్వాత తేలింది. అయినా ఆ రోజుల్లో ప్రకృతి మనల్ని క్షమించిందని నమ్మాలని అందరికీ ఉండేది.

మన దక్షిణాది కథ మాత్రం వేరు. ఆ ఏప్రిల్‌లోనే నాసా కొన్ని ఉపగ్రహ పటాలు విడుదల చేసింది. గంగా మైదానం మీద ధూళిపొర ఆ కాలానికి ఇరవై ఏళ్ళలో ఎన్నడూ లేనంత పలచబడింది. పత్రికలు ఆ మాటనే పతాక శీర్షికలకెక్కించాయి. అదే పటంలో చూపు కిందికి, మన వైపు దించితే అంత మార్పేమీ లేదు. పైగా అంతకుముందు నాలుగేళ్ళ కంటే ఒక పిసరు ఎక్కువే ఉంది. కారణం ఇదీ అని తేల్చలేమనీ, వాతావరణం కావచ్చు, పొలాల మంటలు కావచ్చు, గాలివాటం కావచ్చుననీ ఆ శాస్త్రవేత్తలే రాశారు. మాస్టారైతే ముందు ఆ వాక్యం కిందే గీత గీసేవారు.

మార్చి, ఏప్రిల్ నెలలు మన అడవులకు నిప్పుల కాలం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద రాలిన ఆకు తగలబెడతారు. తునికాకు చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. పోడు కొట్టిన చోట ఎండిన మాను కాలుస్తారు. రబీ మొక్కజొన్న విరిచాక చేలో మిగిలిన మోళ్ళు కాలుస్తారు. ఆదిలాబాద్ నుంచి బస్తర్ మీదుగా కోరాపుట్ దాకా ఆ రోజుల్లో సాయంత్రం పూట వెళ్తే కొండల మీద నిప్పుల దండలు కనిపిస్తాయి. వీటిలో ఏ పనికీ రవాణాతో సంబంధం లేదు. బతుకుతెరువు పనులు కనుక ఆపే ప్రశ్న కూడా లేదు. ఉపగ్రహం పైనుంచి చూసేటప్పుడు నేల నుంచి ఆకాశం దాకా ఉన్న గాలి మొత్తాన్నీ కలిపి చూస్తుంది. వీధిలో పెట్టిన యంత్రం ముక్కు ఎత్తులో ఉన్న గాలిని చూస్తుంది. అందుకే హైదరాబాద్ వీధిలో గాలి తేలికపడటం, పై పటంలో మసక అలాగే ఉండటం రెండూ ఏకకాలంలో నిజం కాగలవు.

వీధి యంత్రమంటే ఏమిటో విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. 2020 నాటికి హైదరాబాద్, దాని చుట్టుపక్కల గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు ఆరు. సనత్‌నగర్, జూ పార్కు, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం. కోటి మందికి అటూ ఇటూగా ఉన్న నగరానికి అవి ఏ మూలకు సరిపోతాయన్నది వేరే ప్రశ్న. ఇలాంటి కేంద్రం బయటినుంచి చూస్తే ఏసీ పెట్టిన ఒక చిన్న గది, కప్పు మీద నాలుగైదు గొట్టాలు. ధూళిని కొలిచే గొట్టం నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని ధూళి ఒక టేపు మీద చిన్న బిళ్ళంత మచ్చగా పేరుకుంటుంది. ఆ మచ్చలోంచి బీటా కిరణాలు పంపి, అవతలి వైపుకు ఎన్ని చేరాయో చూసి, ధూళి బరువు కడతారు. గంటకో మచ్చ. జనం రద్దీగా తిరిగే రోజున ఆ మచ్చ బూడిద రంగులో, ఒక్కోసారి నల్లగా ఉంటుంది.

నైట్రోజన్ ఆక్సైడ్‌లను కొలిచే పెట్టె ఇంకా తమాషా అయినది. నైట్రిక్ ఆక్సైడ్‌కు ఓజోన్ తగిలిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతుంది, ఆ క్షణంలో కంటికి ఆనని మసక వెలుగు పుడుతుంది. ఆ వెలుగు ఎంతో చూస్తే నైట్రిక్ ఆక్సైడ్ ఎంతో తేలుతుంది. అందుకని యంత్రమే తన కడుపులో ఓజోన్ తయారు చేసుకుని వచ్చిన గాలికి కలుపుతుంది. అమీర్‌పేట చౌరస్తాలో రోజూ జరిగేదీ ఇదే. బండి పొగగొట్టంలోంచి ఎక్కువగా వచ్చేది నైట్రిక్ ఆక్సైడ్. అది పక్కనున్న ఓజోన్‌ను పట్టుకుని మింగేస్తుంది. ఎండ తగిలినప్పుడు డయాక్సైడ్ మళ్ళీ విడిపోయి ఓజోన్‌కు ప్రాణం పోస్తుంది. పెట్రోల్ ఆవిర్లు, పెయింట్లలోని ద్రావకాలు, చెత్త పొగ తోడైతే ఓజోన్ పుట్టడం ఎక్కువ, చావడం తక్కువ అవుతుంది.

ఇప్పుడు బండ్లు ఆపేయండి. ఓజోన్‌ను మింగే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోయింది. ధూళి పలచబడటంతో ఎండ ఇంకా చురుగ్గా దిగింది. ఏప్రిల్ ఎండ ఎలాగూ ఉంది. ఓజోన్ పెరిగింది. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా 22 భారతీయ నగరాల కొలతలను అంతకుముందు సంవత్సరాలతో పోల్చిన ఒక అధ్యయనంలో పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళి 43 శాతం, పీఎం 10 ధూళి 31 శాతం, నైట్రోజన్ డయాక్సైడ్ 18 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 10 శాతం తగ్గాయి. ఓజోన్ 17 శాతం పెరిగింది. సల్ఫర్ డయాక్సైడ్‌లో చెప్పుకోదగ్గ మార్పే లేదు. ఆ పట్టికను ఒకసారి నింపాదిగా చూడండి. దేశమంతా ఇంట్లో కూర్చుంటే ఒకటి సగానికి దగ్గరగా తగ్గింది, ఒకటి దాదాపు ఐదో వంతు తగ్గింది, ఒకటి కదలనే లేదు, ఒకటి పెరిగింది. "గాలి బాగుపడింది" అనే ఒక్క మాటలో ఈ నాలుగూ ఇమడవు.

ఓజోన్ పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఉంటే మనకు రక్ష, ముక్కు దగ్గర ఉంటే గొంతు మంట, ఆస్తమా. మన జాతీయ ప్రమాణం ఎనిమిది గంటల సగటు మీద ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. వేసవి మధ్యాహ్నాల్లో ఓజోన్ ఎంతుందని మన ఊళ్ళో అడిగేవాళ్ళే లేరు. కాలుష్యం అనగానే మనకు కనిపించే పొగే గుర్తొస్తుంది. ఇది కనిపించదు.

సల్ఫర్ డయాక్సైడ్ కదలకపోవడం వెనుక పెద్ద మర్మమేమీ లేదు. అది ప్రధానంగా బొగ్గుది. ఆ ఏప్రిల్‌లో దేశంలో కరెంటు వాడకం ఐదో వంతుకు పైగా తగ్గినా బొగ్గు విద్యుత్ కేంద్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఇళ్ళలో ఫ్యాన్లు తిరగాలి, ఆసుపత్రుల్లో వెంటిలేటర్లు నడవాలి. రామగుండం, కొత్తగూడెం లాంటి కేంద్రాల పొగగొట్టాలకు లాక్‌డౌన్ లేదు. ఆ వాయువు గొట్టంలోంచి వచ్చినప్పుడు వాయువే. రెండు మూడు రోజులు గాలిలో తిరిగాక సల్ఫేట్ కణంగా మారి వందల కిలోమీటర్ల అవతల పీఎం 2.5 లెక్కలో తేలుతుంది. హైదరాబాద్ ధూళిలో కొంత హైదరాబాద్‌ది కాదు. బొగ్గు కేంద్రాల గంధకానికి పరిమితులు 2015 డిసెంబర్‌లో నోటిఫై చేశారు. రెండేళ్ళలో అమలు కావాలన్నారు. ఆ గడువు ఆ తర్వాత ఎన్నిసార్లు జరిగిందో చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం చాలదు.

ఇక వాతావరణం. మాస్టారి రెండో ప్రశ్న ఇక్కడే గట్టిగా తగులుతుంది. మార్చి 25 తర్వాత బండ్లు మాత్రమే మారాయా? కాలం కూడా మారింది. గదిలో సాంబ్రాణి వేస్తే కప్పు ఎత్తుగా ఉన్న గదిలో పొగ పలచబడుతుంది, కప్పు చేతికందే గదిలో కళ్ళు మండుతాయి. నగరం మీది గాలికీ అలాంటి కప్పు ఉంది. చలికాలం రాత్రుళ్ళు అది వంద, రెండు వందల మీటర్లకు దిగుతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. కనుక ఫిబ్రవరి గాలితో ఏప్రిల్ గాలిని పోల్చి "లాక్‌డౌన్ వల్ల ఇంత తగ్గింది" అంటే అందులో లాక్‌డౌన్ వాటా ఎంత, ఎండ వాటా ఎంత అని అడగాల్సి ఉంటుంది. ఢిల్లీలో నైట్రోజన్ డయాక్సైడ్ సగానికి పైగా తగ్గిందన్న లెక్కకూ, 22 నగరాల్లో 18 శాతమే తగ్గిందన్న లెక్కకూ తేడా కొంత నగరాల ఎంపికలో ఉంది, కొంత దేనితో పోల్చారన్నదానిలో ఉంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు ఢిల్లీ, వూహాన్, లండన్, మిలాన్ సహా 11 నగరాల కొలతల నుంచి వాతావరణం ప్రభావాన్ని గణితంతో తీసివేసి 2021 జనవరిలో ఫలితాలు ప్రచురించారు. లాక్‌డౌన్ వల్ల మేలు జరిగిన మాట నిజమే కానీ పైపై లెక్కలు చెప్పినంత కాదని తేలింది. పీఎం 2.5 అయితే లండన్, పారిస్‌లలో తగ్గనే లేదు.

చైనా అనుభవం ఇంకా కళ్ళు తెరిపించేది. 2020 జనవరి 23న వూహాన్ మూతపడింది, ఆ తర్వాత దేశంలో చాలా భాగం. నైట్రోజన్ డయాక్సైడ్ విపరీతంగా పడిపోయింది. అంత తగ్గినా బీజింగ్, ఆ చుట్టుపక్కల ప్రాంతం దట్టమైన పొగమంచులో మునిగింది. గాలి కదలలేదు, తేమ ఎక్కువ, పెద్ద కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు నడుస్తూనే ఉన్నాయి. ఓజోన్ పెరగడంతో గాలిలోనే కొత్త కణాలు తయారు కావడం ఊపందుకుంది. వీధుల్లో కారు లేదు, కిటికీ బయట ఆకాశం లేదు.

ఇలాంటి ప్రయోగం అంతకుముందూ జరిగింది. 1996 వేసవిలో అట్లాంటా ఒలింపిక్స్‌కు ట్రాఫిక్ తగ్గించారు. నగరంలో పొద్దుటి రద్దీ 22.5 శాతం తగ్గింది, ఓజోన్ గరిష్ఠ స్థాయి దాదాపు 28 శాతం పడిపోయింది, పేద కుటుంబాల పిల్లల్లో ఆస్తమా అత్యవసర చికిత్సలు 40 శాతానికి పైగా తగ్గాయని 2001లో ఒక ప్రఖ్యాత వైద్య పత్రికలో వచ్చింది. ట్రాఫిక్ తగ్గిస్తే ఆస్తమా తగ్గుతుందనడానికి చాలా ఏళ్ళు ఇదే సాక్ష్యం. తర్వాత దాదాపు పదేళ్ళకు మరికొందరు ఆ లెక్కలు మళ్ళీ తీశారు. ఒలింపిక్స్‌తో ఏ సంబంధమూ లేని చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఆ రెండు వారాల్లో ఓజోన్ అలాగే తగ్గిందని బయటపడింది. ట్రాఫిక్‌కు వచ్చిన ఆ ఘనతలో వాతావరణం వాటా కూడా ఉంది. ఇది చెప్పి ట్రాఫిక్‌కూ ఆస్తమాకూ సంబంధం లేదని నేననడం లేదు. సంబంధం ఉందని చెప్పే సాక్ష్యం వేరే చోట్ల బోలెడు ఉంది. ఈ ఒక్క సాక్షి మాత్రం అనుకున్నంత గట్టివాడు కాదు.

సరే, ఇన్ని తీసివేతల తర్వాత మిగిలేదేమిటి? పీఎం 2.5 తగ్గింది 43 శాతం అంటే మిగిలింది 57 శాతం. బంకులు ఖాళీ, ఫ్యాక్టరీలు మూత, అపార్ట్‌మెంట్ల పునాదులు ఎక్కడివక్కడ, పెళ్ళిళ్ళు లేవు, బాణసంచా లేదు. ఇంతకంటే ఎక్కువగా ఏ ప్రభుత్వమూ జనాన్ని ఆపలేదు, ఆపకూడదు. అయినా సగానికి పైగా ధూళి ఉంది. అది ఎక్కడిది?

కొంత వంటింటిది. 2018లో వెలువడిన ఒక జాతీయ అంచనా ప్రకారం భారతీయులు పీల్చే బయటి పీఎం 2.5లో దాదాపు నాలుగో వంతు ఇళ్ళలో కట్టెలు, పిడకలు, చెత్తాచెదారం కాల్చడం వల్ల వస్తోంది. అదే అంచనాలో రవాణా పొగ వాటా రెండు శాతం. ఈ రెండో అంకె చూపించి బండ్లు నిర్దోషులని ఎవరైనా వాదిస్తే నమ్మకండి. అది పల్లె, పట్నం అన్నీ కలిపిన దేశ సగటు. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డుకు ఆనుకుని ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి పీల్చే గాలికి ఆ సగటు వర్తించదు. టైర్లు లేపే దుమ్ము ఆ రెండు శాతంలో లేదు. కానీ ఆ పట్టికలో కట్టెల పొయ్యి అంత పైన ఉండటం మనం మరిచిపోకూడదు. లాక్‌డౌన్‌లో మగవాళ్ళు కూడా ఇంట్లోనే ఉన్నారు. పొయ్యి ఒక పూట ఎక్కువే వెలిగింది. ఆ పొగ పట్టణపు అంచుల్లోని బస్తీల్లోంచి పట్టణంలోకే వస్తుంది.

కొంత చెత్తది. లాక్‌డౌన్‌లో ఆగని ఉద్యోగాల్లో పారిశుద్ధ్యం ఒకటి. తెల్లవారుజామున రోడ్డు మీద మనిషి పొడ లేనప్పుడు కూడా జీహెచ్ఎంసీ ఆప్రాన్లు వేసుకున్న ఆడవాళ్ళు పొడుగు చీపుర్లతో ఊడుస్తూనే ఉన్నారు. ఊడ్చిన దుమ్ము రోడ్డు పక్కన కుప్ప అవుతుంది. కుప్పలో ఆకులు, పాలిథిన్ సంచులు, గుట్కా ప్యాకెట్లు. చెత్తబండి రావడం ఆలస్యమైతే ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. ఆరేడు గంటల వేళ, గాలి కదలక నేలబారుగా ఉన్నప్పుడు, ఆ కుప్ప పొగ వీధి వీధంతా పాకుతుంది. వాహనాల మీద ఎన్నో చట్టాలు తెచ్చాం. ఈ అగ్గిపుల్ల మీద చలానా రాసినట్టు నేను వినలేదు. రాసినా ఆ ఊడ్చే ఆవిడ మీదే రాస్తారు, బండి పంపని వాళ్ళ మీద రాయరు.

2019 సంవత్సరానికి దేశంలో వాయుకాలుష్యం వల్ల 16.7 లక్షల మరణాలని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చిన అంచనా. మొత్తం మరణాల్లో ఇది దాదాపు 18 శాతం. ఇంటి పొగ వల్ల పోయేవాళ్ళు మూడు దశాబ్దాల్లో బాగా తగ్గారు, బయటి గాలి వల్ల పోయేవాళ్ళు పెరిగారు. కరోనా మరణాల అంకెలు రోజూ టీవీలో కింద స్క్రోలింగ్‌లో పోతుండేవి. ఈ అంకె స్క్రోలింగ్‌లో రాదు.

ఆ తేట గాలికి ధర ఎవరు చెల్లించారో చెప్పకుండా ముగిస్తే ఈ ఉపన్యాసం అర్ధసత్యం అవుతుంది. జలంధర్‌లో మంచుకొండలు కనిపించిన ఆ వారాల్లోనే మేడ్చల్ దారిలో, నాగ్‌పూర్ హైవే మీద, సామాను నెత్తిన పెట్టుకుని మనుషులు నడిచారు. మిరపతోటల్లో కాయ కోయడానికి ములుగు వైపు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవి దారిన ఇళ్ళకు మళ్ళారు. దేశంలో వలస కూలీల మొదటి ప్రత్యేక రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే. మే 1న, దాదాపు పన్నెండు వందల మందితో, ఝార్ఖండ్‌లోని హటియాకు. మెట్రో పిల్లర్లు పోసిన చేతులు, ఐటీ అద్దాల మేడలు కట్టిన చేతులు అవి. అప్పుడప్పుడూ "ఏడాదికో వారం లాక్‌డౌన్ పెడితే ఎంత బాగుంటుంది!" అని సరదాగా అనేవాళ్ళు తారసపడతారు. దినకూలీ లేని రోజు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా వాళ్ళే చెప్పాలి.

ఆపడంలో ఇంకో ప్రమాదం కూడా ఉందని విశాఖ చెప్పింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊళ్ళోకి పాకింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలకుండా నిల్వ ఉన్న స్టైరిన్ వేడెక్కి తనంత తానే ముద్దకట్టడం మొదలుపెట్టింది. ఆ చర్యలో పుట్టే వేడి దాన్నే మరింత తోసింది. విశాఖ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోని నగరం. ఆ కార్యక్రమం లెక్కలో ఉండేది ధూళి. స్టైరిన్ ఆ లెక్కలో లేదు.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ నవంబర్‌కే ఢిల్లీ గాలి మళ్ళీ "తీవ్రం" అనే అట్టడుగు వర్గంలోకి దిగింది. హైదరాబాద్‌లో జరిగిన ఇంకో మార్పును మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మెట్రో సెప్టెంబర్ 7 దాకా మూసే ఉంది. సిటీ బస్సులు సెప్టెంబర్ చివరికి గానీ రోడ్డెక్కలేదు. ఆఫీసులు, దుకాణాలు అంతకు ముందే తెరిచారు. అంటే నెలల తరబడి ఉద్యోగానికి వెళ్ళక తప్పని మనిషికి బస్సు లేదు. లాక్‌డౌన్‌కు దాదాపు ఆరు నెలల ముందే, 2019 అక్టోబర్ నుంచి యాభై రోజులకు పైగా, ఆర్టీసీ సమ్మెలో నగరం ఇదే రుచి చూసింది. రెండు దెబ్బల మధ్య చాలామంది సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కున్నారు. ఒకసారి టూవీలర్ కొన్నవాడు మళ్ళీ బస్టాపులో నిలబడటం అరుదు. బస్సులో జబ్బు అంటుకుంటుందన్న భయం దానికి తోడైంది. రాకపోకలు తగ్గించిన మహమ్మారి రాకపోకల తీరును మాత్రం ఇంకా చెడగొట్టి వెళ్ళింది. బీఎస్ 6 ఇంజన్ తెచ్చిన లాభంలో కొంత భాగాన్ని బండ్ల సంఖ్యే తినేస్తుంది.

మరి ఏం చేయాలని మీరడగవచ్చు. నా వైపు నుంచి చిట్టా పెద్దదేమీ లేదు. మొదటిది బస్సు. పది నిమిషాలకొకటి వచ్చే, కూర్చోవడానికి చోటున్న బస్సు. మిగతావన్నీ దాని వెనక. ఫ్లైఓవర్లు కట్టినంత ఉత్సాహంగా బస్సులు కొన్న నగర పాలకులను నేను చూడలేదు. రోడ్డు అంచుల మట్టిని గట్టిపరచడం, ఊడ్చేముందు తడపడం, చెత్తబండి వేళకు రావడం, ఇవి పనికిమాలిన చిన్న పనులుగా కనిపిస్తాయి. కానీ తగ్గకుండా మిగిలిన ఆ 57 శాతంలో వీటి చోటు చిన్నది కాదు. గ్యాస్ సిలిండర్ ధర పేదవాడి చేతికందేలా ఉంచడం కూడా పట్టణపు గాలికి చేసే వైద్యమే. ఓజోన్ తగ్గాలంటే నైట్రోజన్ ఆక్సైడ్‌లతో పాటు బంకుల దగ్గర పెట్రోల్ ఆవిరి పట్టుకోవడం, ద్రావకాలు తగ్గించడం రెండూ కలిసి నడవాలి. ఒకటి వదిలి ఒకటి చేస్తే 2020 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూశాం.

కార్బన్ డయాక్సైడ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆ ఏప్రిల్ మొదటి వారంలో ప్రపంచం రోజూ వదిలే కార్బన్ 17 శాతం తగ్గింది. అయినా మే నెలలో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలిచిన గాఢత పది లక్షల పాళ్ళలో 417, అప్పటికి అదే రికార్డు. నైట్రోజన్ డయాక్సైడ్ గంటల్లో పోతుంది, ధూళి రోజుల్లో పోతుంది, ఇది శతాబ్దాలు ఉంటుంది. రెండు నెలల సెలవు దాని లెక్కలోకి రాదు.

ముందు వరసలోని విద్యార్థులకు, ఇక్కడున్న అధ్యాపకులకు ఒక విన్నపం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఈ కేంద్రాల గంట గంట కొలతలు ఎవరైనా దించుకోవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. సనత్‌నగర్, జూ పార్కు తీసుకోండి. విజయవాడ, విశాఖ, తిరుపతి వాళ్ళు మీ ఊరి కేంద్రం తీసుకోండి. 2019, 2020, 2021 సంవత్సరాలకు మార్చి నుంచి మే దాకా ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్ విడివిడిగా గీతలు గీయండి. వానపడిన రోజులు, గాలి వేగం పక్కనే రాయండి. తగ్గని గీత కనిపించిన చోట ఆగి, దాని మూలం మీ వార్డులో ఎక్కడుందో వెతకండి. దొరికినదాన్ని కాగితం మీద పెట్టి మీ కార్పొరేటర్‌కు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి, రసీదు తీసుకోండి. వచ్చే ఏడాది ఈ సభలో ఉపన్యాసం బదులు ఆ గీతలు ప్రదర్శించమని నిర్వాహకులను కోరుతున్నాను.